వాడకోడి లెక్క

‘నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారేదెట్లా’ అనుకుందట ఒక ముసలమ్మ. ఈ సామెత చెప్పి నవ్వని తెలుగు పంతులు ఉండడు. బడిలో మేమూ నవ్వినం. ఆ ముసలమ్మది ఏ వాడ, కోడీ కుంపటీ తప్ప ఆమెకు ఇంకేం ఉండె, ఆ కోడిని ఎవరెవరి నుంచి కాపాడుకున్నది అని అడగాలని అప్పుడు తోచలే. పరిశోధనకు వచ్చి భూమి మీద, వెట్టి మీద పుస్తకాలు చదువుతుంటే ఆమె మళ్లీ గుర్తుకొచ్చింది. అచ్చం మా అమ్మమ్మ లాగనే ఉంది.

మాల మాదిగ వాడల్లో ఆడమనిషి పేరు మీద ఏ కాగితమూ లేని కాలంలో కోడే ఆమె ఆస్తి. దానికి చెలక అక్కర్లేదు, బీడు అక్కర్లేదు. వడ్లు దంచిన కాడ రాలిన నూకలు, పెంటకుప్పలో పురుగులు చాలు. ఇంకో సంగతి కూడా ఉంది. వాడలో బర్రెను సాకినా ఆ పాలు ఊళ్లోవాళ్లు కొనని పల్లెలు ఎన్నో. వండిన కూడు, ముట్టిన నీళ్ల సంగతి సరేసరి. బతికున్న కోడికి, పెంకులో ఉన్న గుడ్డుకు మాత్రం మైల అంటదు! ఊరకోడిని తెలిసి తిన్న ద్విజుడు పతితుడవుతాడని మనుస్మృతి 5వ అధ్యాయం చెప్పింది. చండాలుడి ఆస్తి కుక్కలు, గాడిదలు అని 10వ అధ్యాయం తేల్చింది. ఆ ఆస్తి లెక్కలో శాస్త్రం కోడిని మరిచింది గాని దొరలు, అధికారులు మరవలేదు.

నిజాం రాజ్యంలో అధికారి ఊళ్లో మకాం వేస్తే వెట్టివాడు బరువులు మోయాలి, కబురు తీసుకుపోవాలి, కట్టెలు కొట్టాలి. కోళ్లు, గుడ్లు, నెయ్యి పైసా ఇవ్వకుండా ఇండ్ల నుంచి పోవాలి. మగవాడి వెట్టి కనీసం పుస్తకాలకెక్కింది. 1930లో జోగిపేటలో మొదలైన నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ తర్వాతి కాలంలో వెట్టిని పెద్ద సమస్యగా తీసుకున్నది. 1946-51 సాయుధ పోరాటంలో మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాలు అని నాయకత్వం లెక్క చెప్పింది. ఆ లెక్క అవసరమైనదే, కాదనం. కానీ వెట్టి జాబితాలో ‘కోళ్లు’ అని ఒక్క మాటతో దాటిపోయినచోట ఎవరిదో ఒక ఆడమనిషి ఏడాది కూడబెట్టుకున్నది పోయింది. ఎకరం లెక్కకొచ్చినట్టు అది లెక్కకు రాలేదు.

ఒక కోడి అంటే ఎంత కష్టమో సాకినవాళ్లకే తెలుసు. నాటు పెట్ట ఏడాదికి 60-70 గుడ్లకు మించి పెట్టదు. డజనుకు అటూ ఇటూ పెట్టి పొదుగుకు వస్తుంది. గుడ్లు నీళ్లలో వేసి తేలినవి తీసేసి, మిగిలినవి గంపలో ఊక పోసి అమర్చాలి. 21 రోజులు పెట్ట లేచి మేతకు పోయి వచ్చేదాకా కావలి. పిల్లలు లేచినంక పొద్దంతా గద్ద, మాపటికి బావురుపిల్లి, ఈ రెంటి నడుమ ముంగిస. పిల్లల మేతకు పాతకుండలో గడ్డి, పేడ కుక్కి తడిపి బోర్లిస్తే మర్నాటికి చెదలు పడుతయి. ఈ విద్య ఏ కాలేజీలోనూ నేర్పలే. వీటన్నిటినీ దాటినా వాడ చివర ఆసామి చేను ఉంటుంది. కోడి కంచె దాటి నాలుగు గింజలు గీకితే బండరాయితో పోతుంది, లేదా మందు కలిపిన గింజలతో పోతుంది. అడగబోతే కోడి మాట వెనకబడి కులం పేరు ముందుకొస్తుంది. తర్వాత సర్కారు కట్టించిన కాలనీలు వచ్చినయి. రెండు మూడు సెంట్ల జాగాలో మనిషికే చోటు చాలదు, ఇక కోళ్లగూడు ఎక్కడ పెట్టాలె?

అన్నిటికన్నా పెద్దది కొక్కెర రోగం. మెడ తిరిగిపోతుంది, పచ్చగా పారుతుంది, రెండు మూడు రోజుల్లో వాడంతా ఖాళీ. ఒక ఇంట్లో మొదలైందని తెలియంగనే మిగతావాళ్లు ఉన్నవాటిని వచ్చినకాడికి అమ్ముకుంటరు. 1920ల చివర హిమాలయాల దగ్గరి రాణిఖేత్‌లో గుర్తించారు కాబట్టి శాస్త్రవేత్తలు దాన్ని రాణిఖేత్ అన్నరు. 1940లలో ముక్తేశ్వర్‌లో టీకా తయారైంది. రోగానికి మందు లేదు గాని టీకా గట్టిగా పనిచేస్తుంది. మరి ఇన్నేండ్లయినా వాడలో కోళ్లు ఎందుకు చస్తున్నయి? సీసాను చూస్తే తెలుస్తుంది. ఒక్క సీసాలో వందా, అంతకన్నా ఎక్కువ కోళ్లకు సరిపడే మందు. ఐసులో తేవాలి, కలిపినంక గంటా రెండు గంటల్లో అయిపోగొట్టాలి. ఆరు కోళ్లున్న మనిషి ఆ సీసా తెచ్చి ఏం చేసుకుంటది? వాడంతా ఒకనాడు, తెల్లారక ముందు, కోళ్లను గంపల కింద నుంచి వదలకముందే కూడితే తప్ప అది పనికిరాదు. పదిమందిని కూడగట్టే పని పశువైద్యశాల తీసుకున్నచోట కోళ్లు బతికినయి. ఆ సీసా కొలత షెడ్డుకు సరిపోయింది, వాకిలికి కాదు.

షెడ్ల కథ అందరికీ తెలిసిందే. 1971లో వెంకటేశ్వర హేచరీస్, 1982లో గుడ్ల సమన్వయ కమిటీ, ఆ వెనక బ్యాంకు అప్పులు. షెడ్డుకు భూమి కావాలి, అప్పుకు తాకట్టు కావాలి. రెండూ ఎవరికి ఉన్నయో వేరే చెప్పనక్కర్లేదు. వాడవాళ్లు ఆ షెడ్లలో కూలికి పోయినరు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసమే వనరాజా, గ్రామప్రియ రకాలు తెచ్చింది. మంచి పనే. గుడ్లు ఎక్కువ పెడుతయి, బరువు తొందరగా పెరుగుతయి. అయితే అవి పొదగవు. పిల్లలు కావాలంటే మళ్లీ కొనాల్సిందే, లేదంటే నాటుపెట్ట కిందనే ఆ గుడ్లు పెట్టాలె.

మేము పదో తరగతి పరీక్ష ఫీజు కట్టాల్సిన వారం మా అమ్మ దగ్గర ఉన్నది ఒక్క పెట్ట. అదీ పదకొండు గుడ్ల మీద కూర్చుంది. అంగడి నాడు దాన్ని గంపలోంచి లేపి అమ్మేసింది. వెచ్చగా ఉన్న గుడ్లను కొంగులో పెట్టుకొని పక్కింటి చిన్నమ్మ దగ్గరికి ఉరికింది. ఆమె పెట్ట అప్పుడే పొదుగుకు వచ్చి ఉండె. ‘అక్కా, సగం పాలుకు పెడుదం తియ్యి’ అన్నది చిన్నమ్మ. తొమ్మిది పిల్లలు లేచినయి. అయిదు వాళ్లకు, నాలుగు మాకు. మా నాలుగింట్ల రెండు గద్ద తన్నుకపోయింది.