సూర్యబింబం – స్థానభేదం: ఆర్యభటీయం నుండి చంద్రయాన్-3 వరకు ఒక చారిత్రక పరిశీలన

సారాంశం

ఒకే సూర్యుడు వేరువేరు గోళాల నుండి వేరువేరుగా కనిపిస్తాడన్న ఆలోచన దూరదర్శినితో పుట్టినది కాదు. చంద్రునిపై నివసించే పితృదేవతలకు సూర్యుడు ఒక పక్షంపాటు అస్తమించడని క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయమే చెప్పింది. అయితే అదే సిద్ధాంత సంప్రదాయం ఇతర గ్రహాల నుండి సూర్యబింబం ఎంత పరిమాణంలో కనిపిస్తుందన్న ప్రశ్నను వేయలేదు. ఆ ప్రశ్న ఎందుకు పుట్టలేదు, దానికి సమాధానం ఎలా దొరికింది, ఆ చరిత్రలో తెలుగు నేల పాత్ర ఏమిటి అన్న విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సూర్యసిద్ధాంతం, పితృదినం, కక్ష్యాయోజనాలు, మల్లికార్జున సూరి, శుక్ర సంక్రమణం, అంకితం వెంకట నరసింగరావు, చంద్రయాన్-3.

1. ఉపోద్ఘాతం

కోనసీమలోని పి.గన్నవరం వైనతేయ గోదావరి ఒడ్డున ఉంది. వైనతేయుడంటే గరుత్మంతుడు; సూర్యరథ సారథి అనూరుడు ఆయనకు అన్న. ఈ ఊరు సుమారు 16.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందువల్ల సూర్యుడు ఏటా రెండుసార్లు, మే, ఆగస్టు నెలల మొదటి వారాల్లో, మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఢిల్లీలో ఏ రోజూ అలా జరగదు. ఉత్తర ధ్రువం వద్దనైతే ఆరు నెలలు అసలు అస్తమించడు. భూమి మీదనే చోటు మారితే సూర్యుని నడక ఇంతగా మారుతున్నది.

గోదావరి తీర గ్రామాల్లో అమావాస్యనాడు పితృతర్పణాలు విడిచే ఆచారం నేటికీ ఉంది. ఈ ఆచారానికి ధర్మశాస్త్రం చెప్పే కారణాలు వేరు. సిద్ధాంత జ్యోతిషం మాత్రం అమావాస్యకూ పితృదేవతలకూ ఉన్న సంబంధాన్ని ఒక ఖగోళ గణనగా వివరించింది. చూసేవాని స్థానాన్ని భూమి నుండి మరొక గోళానికి మార్చి సూర్యుని గమనాన్ని ఊహించిన ఆ వివరణే ఈ పరిశీలనకు మొదలు.

2. పితృదినం: చంద్రుని నుండి సూర్యదర్శనం

ఆర్యభటుడు గోలపాదంలో ఒకే శ్లోకంలో నలుగురు ద్రష్టలను నిలిపాడు. మేరువుపై దేవతలకు అర్ధసంవత్సరం, దక్షిణ ధ్రువంలోని ప్రేతలకు అంతే కాలం, చంద్రునిపై పితరులకు చాంద్రమాసంలో సగం, భూమిపై మనుష్యులకు దినంలో సగం సూర్యుడు కనిపిస్తాడని అందులోని భావం. సూర్యసిద్ధాంతం భూగోళాధ్యాయంలో ఇదే విషయాన్ని తిరిగి చెప్పింది. 1150లో సిద్ధాంతశిరోమణి రచించిన భాస్కరాచార్యుడు దీనికి ఉపపత్తి చూపాడు. పితరులు చంద్రుని పైభాగాన, అంటే భూమికి కనిపించని వైపున ఉంటారు. అమావాస్యనాడు సూర్యుడు వారి నడినెత్తిన ఉంటాడు గనుక అది వారికి మధ్యాహ్నం, పూర్ణిమ అర్ధరాత్రి. కృష్ణాష్టమి నడుమ ఉదయం, శుక్లాష్టమి నడుమ అస్తమయం.

పితరుల ఉనికి విశ్వాసానికి సంబంధించినది. గణన మాత్రం నిర్దుష్టం. చంద్రునిపై ఒక సూర్యోదయం నుండి మరొక సూర్యోదయం వరకు పట్టే కాలం 29.53 రోజులు, అది చాంద్రమాసమే. చంద్రునికి స్వయంకాంతి లేదని, సూర్యకాంతి పడిన సగమే వెలుగుతుందని గుర్తించినవారికి మాత్రమే ఈ ఫలితం సాధ్యమవుతుంది. పురాణ భావనను గణితంతో సరిపోల్చి, గణితానికి లొంగే భాగాన్ని నిలుపుకోవడం ఇక్కడ కనిపించే పద్ధతి.

3. తెలుగు వ్యాఖ్యాన పరంపర

ఈ గ్రంథాలు తెలుగువారికి సంస్కృతంలోనే అందలేదు. మల్లికార్జున సూరి 1178 ప్రాంతంలో సూర్యసిద్ధాంతానికి తెలుగులోనూ సంస్కృతంలోనూ వ్యాఖ్యలు రచించాడు. తెలుగు కావ్యభాషగా ఇంకా రూపుదిద్దుకుంటున్న కాలంలోనే ఖగోళ గణితాన్ని తెలుగులో వివరించే ప్రయత్నం జరగడం శాస్త్రవాఙ్మయ చరిత్రలో గమనింపదగిన అంశం. 15వ శతాబ్దంలో శ్రీశైల ప్రాంతానికి చెందిన యల్లయ సూర్యసిద్ధాంతానికి, ఆర్యభటీయానికి వ్యాఖ్యలు కూర్చాడు. తిథి, గ్రహణ గణనలు పంచాంగాల ద్వారా గ్రామాల వరకు చేరడానికి ఆధారం ఇటువంటి వ్యాఖ్యాన పరంపరలే.

4. బింబం సరి, దూరం తప్పు

చంద్రునిపై పగలు ఎంతసేపో చెప్పగలిగిన సిద్ధాంతం, శని నుండి సూర్యుడు ఎంత కనిపిస్తాడో ఎందుకు చెప్పలేదు? సమాధానం కక్ష్యాయోజనాల లెక్కలో ఉంది.

సూర్యసిద్ధాంతం ప్రకారం సూర్యుని వ్యాసం 6,500 యోజనాలు, కక్ష్య 43,31,500 యోజనాలు. ఈ రెండింటి నిష్పత్తిని వృత్తంలోని 21,600 కళలతో గుణిస్తే బింబ పరిమాణం సుమారు 32.4 కళలు వస్తుంది. ఆధునిక సగటు విలువ 32 కళలే. చంద్రుని కక్ష్య 3,24,000 యోజనాలు. అందులోని చంద్రదూరం భూవ్యాసార్ధానికి సుమారు 64 రెట్లు. వాస్తవం 60 రెట్లు. ఇంతవరకు సిద్ధాంతం సత్యానికి చాలా దగ్గర.

సూర్యుని దూరం దగ్గర మాత్రం లెక్క తప్పింది. అన్ని గ్రహాలూ రోజుకు సమానమైన యోజనాలే నడుస్తాయని సిద్ధాంతం భావించింది. ఆ భావనలో దూరం ప్రదక్షిణకాలంతో సమానంగా పెరుగుతుంది. అందువల్ల సూర్యుడు చంద్రుని కంటె 13.4 రెట్ల దూరంలోనే ఉన్నట్లు తేలింది. వాస్తవ నిష్పత్తి సుమారు 389. భూవ్యాసార్ధాలలో చెబితే సిద్ధాంతం ఇచ్చే సూర్యదూరం సుమారు 860. వాస్తవం 23,000కు పైబడినది. ఈ లోపం భారతీయులది మాత్రమే కాదు. టాలెమీ ఇచ్చిన 1,210 భూవ్యాసార్ధాల విలువను ఐరోపా పదిహేను వందల ఏళ్లకు పైగా నమ్మింది.

శని కక్ష్య సూర్యసిద్ధాంతంలో 12,76,68,255 యోజనాలు. అది సూర్యకక్ష్యకు 29.5 రెట్లు. ఈ లెక్కను పొడిగించి చూస్తే శని నుండి సూర్యబింబం 1.1 కళలే ఉండాలి. 1619లో కెప్లర్ ప్రకటించిన మూడవ సూత్రం ప్రకారం ప్రదక్షిణకాలపు వర్గం దూరపు ఘనానికి అనుపాతంలో ఉంటుంది. అప్పుడు 29.5 ఏళ్ల శని దూరం భూమి దూరానికి సుమారు 9.5 రెట్లు మాత్రమే, బింబం 3.3 కళలు. ప్రదక్షిణకాలం రెండు లెక్కల్లోనూ ఒక్కటే. భేదమంతా వేగాన్ని గురించిన ఊహలో ఉంది. పైగా సూర్యుడే భూమిచుట్టూ తిరిగే గ్రహాలలో ఒకడైన వ్యవస్థలో, ఇతర గ్రహాల నుండి సూర్యబింబాన్ని కొలవవలసిన అవసరం రాలేదు. చంద్రుని విషయంలో ఆ అవసరాన్ని పితృకార్యం కల్పించింది.

5. గుంటూరు 1868, విశాఖపట్నం 1874

కెప్లర్ సూత్రం దూరాల నిష్పత్తులను ఇచ్చింది గాని, కొలతను ఇవ్వలేదు. సూర్యుని నిజ పరిమాణం తెలియాలంటే ఒక్క దూరమైనా కచ్చితంగా తెలియాలి. శుక్రుడు సూర్యబింబాన్ని దాటే వేళను భూమిపై వేరువేరు చోట్ల నుండి గమనించి, ఆ భేదంతో దూరాన్ని సాధించవచ్చునని ఎడ్మండ్ హేలీ 18వ శతాబ్దంలో సూచించాడు. చూసేవాని స్థానభేదమే ఇక్కడ కొలబద్ద.

1874 డిసెంబరు 9నాటి శుక్ర సంక్రమణానికి ముందే తెలుగు నేల సౌరపరిశోధనకు కేంద్రమైంది. 1868 ఆగస్టు 18నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, బ్రిటిష్ అధికారి టెనెంట్, మచిలీపట్నంలో మద్రాసు వేధశాలాధిపతి పోగ్సన్, వనపర్తిలో అదే వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచార్యులు పరిశీలించారు. సూర్యుని అంచున ఎగసే జ్వాలలు వాయుమయాలని వర్ణపట దర్శిని తేల్చింది. గ్రహణం లేకుండానే వాటిని చూడవచ్చునని జాన్సెన్ మరునాడే గుంటూరులో నిరూపించాడు. ఈ జ్వాలల వర్ణపటంలోని పసుపు గీత నుండే తరువాత హీలియం అన్న మూలకం పేరు వెలువడింది.

విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో నెలకొల్పిన వేధశాలను ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు నిర్వహించాడు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేసిన నరసింగరావు 1871లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యుడయ్యాడు. ఆరంగుళాల దూరదర్శినితో 1874నాటి సంక్రమణాన్ని గమనించి ఫలితాలను ఆ సంస్థకు నివేదించాడు. అదే సందర్భంలో రఘునాథాచార్యులు సంక్రమణాన్ని సామాన్యులకు, సిద్ధాంతులకు వివరిస్తూ ఆంగ్లంలోను దేశభాషల్లోను చిన్న పుస్తకం ప్రచురించాడు. సిద్ధాంతిని తోసిపుచ్చకుండా అతనితో సంభాషించడం ఆ రచనకు ఎన్నుకున్న పద్ధతి. పంచాంగ గణనను ప్రత్యక్ష పరిశీలనతో సరిదిద్దాలన్నది ఆయన వాదం.

6. గ్రహాల నుండి సూర్యబింబం

నేడు భూమికీ సూర్యునికీ సగటు దూరం సుమారు 14.96 కోట్ల కిలోమీటర్లని, సూర్యవ్యాసం సుమారు 13.92 లక్షల కిలోమీటర్లని తెలుసు. బింబ వ్యాసం దూరానికి విలోమంగాను, వెలుగు దూరపు వర్గానికి విలోమంగాను తగ్గుతుంది.

బుధుని నుండి బింబం సగటున 83 కళలు. సూర్యునికి అతి సమీపంలో 104 కళలు, అతి దూరంలో 68 కళలు. అక్కడ ఒక సూర్యోదయం నుండి మరొక దానికి 176 రోజులు. సమీప బిందువు వద్ద సూర్యుడు ఆకాశంలో ఆగి, కొంత వెనుకకు జరిగి, మళ్లీ ముందుకు సాగుతాడు. ఇతర గ్రహాలకు సిద్ధాంతులు లెక్కించిన వక్రగతి అక్కడ సూర్యునికే ఉన్నదన్నమాట. శుక్రునిపై బింబం 44 కళలైనా దట్టమైన మేఘాలు దానిని కనబడనీయవు. అక్కడ ఉదయం పడమట జరుగుతుంది. కుజునిపై 21 కళలు. 2005 మే 19న స్పిరిట్ రోవర్ తీసిన అస్తమయ చిత్రంలో సూర్యునిచుట్టూ నీలికాంతి ఉంది. అక్కడి సన్నని ధూళి ఎరుపు కంటె నీలాన్ని సూర్యుని దిశలోనే ఎక్కువగా నిలుపుతుంది.

గురుని నుండి 6 కళలు, శని నుండి 3.3, యురేనస్ నుండి 1.7, నెప్ట్యూన్ నుండి ఒక కళకు కాస్త ఎక్కువ. మానవనేత్రం గుర్తించగల కనిష్ఠ పరిమాణం దాదాపు ఒక కళ గనుక నెప్ట్యూన్ వద్ద సూర్యుడు బింబం కోల్పోయి చుక్కగా మారే అంచున ఉంటాడు. అయినా నక్షత్రాలతో పోల్చదగినవాడు కాడు. వెలుగు భూమిపై దానిలో తొమ్మిదివందలో వంతుకు తగ్గినా, అది మన నాలుగువందల పున్నమి చంద్రుల కాంతికి సమానం.

7. నిజ శ్రావణ శుద్ధ సప్తమి

2023 జూలై 14న శ్రీహరికోట నుండి బయలుదేరిన చంద్రయాన్-3లోని విక్రమ్ ల్యాండర్ ఆగస్టు 23న చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతానికి చేరువలో దిగింది. ఆనాటి తిథి నిజ శ్రావణ శుద్ధ సప్తమి. ల్యాండర్ సౌరశక్తితో పనిచేస్తుంది గనుక దిగేచోట సూర్యోదయమైన వెంటనే దిగేలా కాలాన్ని నిర్ణయించారు. భూమికి కనిపించే వైపు నడుమ సూర్యోదయం శుక్లాష్టమినాడు. విక్రమ్ దిగిన చోటు అందుకు తూర్పున ఉన్నందువల్ల అంతకు ముందుగానే ఉదయమైంది. వెనుకవైపున్న పితరులకు శుక్లాష్టమి అస్తమయమన్న భాస్కరుని మాటకు ఇది సరిగ్గా రెండవ ముఖం. రాత్రి సమీపించగా సెప్టెంబరు 4న ల్యాండరును నిద్రావస్థలో ఉంచారు. దాని కార్యకాలం ఒక చాంద్రపగలు, అంటే ఒక పక్షం.

8. ముగింపు

ఈ సామ్యాన్ని చూపి ప్రాచీనులకు అంతా తెలుసునని చెప్పడం చరిత్రకు న్యాయం కాదు; 860కీ 23,000కూ మధ్య అంతరం అందుకు అడ్డు నిలుస్తుంది. పితృదినాన్ని కేవలం విశ్వాసమని కొట్టివేయడం కూడా న్యాయం కాదు, 29.53 రోజుల గణన అందుకు అడ్డు. కాలగణనలో సిద్ధాంతం గెలిచింది, దూరగణనలో ఓడింది. కాలాన్ని ఒకే చోట కూర్చుని తరతరాల పరిశీలనతో సాధించవచ్చు. దూరాన్ని సాధించాలంటే ఒకే క్షణాన్ని అనేక చోట్ల నుండి చూడగల వ్యవస్థ కావాలి. 19వ శతాబ్దంలో గుంటూరు, వనపర్తి, విశాఖపట్నం ఆ వ్యవస్థలో భాగమయ్యాయి. మల్లికార్జున సూరి తెలుగు వ్యాఖ్య నుండి నరసింగరావు నివేదిక వరకు సాగిన ఈ దారిని ఒకే శాస్త్రచరిత్రగా చదవవలసి ఉంది. పంచాంగ రచనను ఆచార అధ్యయనానికి, వేధశాలల చరిత్రను వలసపాలన అధ్యయనానికి వేరుచేసి పంచిపెడితే, చూపును మరొక చోటికి తరలించి సత్యాన్ని పరీక్షించిన ఆ ఒకే ప్రయత్నం రెండింటిలోనూ కనబడకుండా పోతుంది.