పాత ట్రాంబోన్‌కి మెరుగు పెడితే చెరిగిపోయేదెవరు?

అమెరికాలో పాత జాజ్ ట్రాంబోన్లని బాగుచేసి అమ్మే వ్యాపారం ఉంది. క్లీవ్‌లాండ్‌లో హెచ్.ఎన్. వైట్ కంపెనీ చేసిన కింగ్, ఎల్కార్ట్‌లో తయారైన కాన్ లాంటి పేర్లకి గిరాకీ ఎక్కువ. కొనేవాళ్లు రెండు రకాలు. వాయించేవాళ్లకి స్లైడు ముఖ్యం. లోపలి గొట్టాలు రెండూ వంకర లేకుండా సమాంతరంగా ఉంటేనే బయటి గొట్టం సాఫీగా జారుతుంది, ఏడు స్థానాలూ చేతికందుతాయి. సేకరించేవాళ్లకి మాత్రం మొదటి లాకర్ పూత, వెంట వచ్చిన పెట్టె, సీరియల్ నంబరు కావాలి. సొట్టలు తీసి బఫింగ్ పడితే ఇత్తడి పలచబడుతుంది, మూతి మీద చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి. ఎంతవరకు బాగుచెయ్యాలన్నదే వీళ్ల తగువు.

మేం అడిగేది వేరే. సీరియల్ నంబరుని బట్టి ఆ ట్రాంబోన్ ఏ ఫ్యాక్టరీలో, సుమారుగా ఏ ఏడు పుట్టిందో తేల్చొచ్చు. ఎవరి చేతిలో బతికిందో ఆ నంబరు చెప్పదు. ఎడమచెయ్యి పట్టుకునే చోట చెమటకి పూత లేచిపోయి ఇత్తడి నల్లబడుతుంది. వాయించినోళ్లు పెట్టిన సంతకం అదొక్కటే. మెరుగు పెడితే పోయేదీ అదే. (గాజుపెట్టెలో డప్పు పెట్టి కింద 'జానపద వాయిద్యం' అని రాసినచోట, తోలు కట్టినోడి పేరు మేం ఎన్నడూ చూళ్లేదు. అందుకే ఈ సంగతి మా కంట పడింది.)

ఆ చేతులు ఎట్లాంటివో కిడ్ ఓరీ జీవితం చెప్తుంది. ఆయన 1886లో లూసియానాలోని లాప్లాస్ దగ్గర ఉడ్‌లాండ్ తోటలో పుట్టాడు. 1811 జనవరి 8న చార్లెస్ డెస్‌లాండ్స్ నాయకత్వంలో బానిసలు తిరగబడి న్యూ ఆర్లీన్స్ మీదికి నడక మొదలుపెట్టింది ఆ తోట నుంచే. తిరుగుబాటుని అణిచి, చంపినవాళ్ల తలలు నది పొడవునా కర్రలకి గుచ్చారు. అదే నేల మీద పెరిగిన పిల్లవాడు తన మొదటి వాయిద్యాల్ని తానే చేసుకున్నాడు. న్యూ ఆర్లీన్స్‌లో బ్యాండ్లు బండెక్కి వీధుల్లో ప్రచారం చేసేవి. స్లైడు పక్కవాళ్లకి తగలకుండా ట్రాంబోన్ వాయించేవాళ్లు బండి వెనక అంచున కూర్చునేవాళ్లు. 'టెయిల్‌గేట్' శైలి అన్న పేరు అట్లా వచ్చిందే. ఓరీ 1922లో లాస్ ఏంజెల్స్‌లో రికార్డు చేశాడు. న్యూ ఆర్లీన్స్ నల్లజాతి జాజ్ బ్యాండ్ రికార్డుల్లో దాన్నే మొదటిదిగా లెక్కిస్తారు. 1925 నుంచి ఆర్మ్‌స్ట్రాంగ్ హాట్ ఫైవ్‌లో వాయించాడు. ఇంత చేసినాయన 1930లలో పని దొరక్క కోళ్లు పెంచుకున్నాడు. 1944లో ఆర్సన్ వెల్స్ రేడియో కార్యక్రమం మళ్లీ జనంలోకి తెచ్చింది.

ఓరీ ఒక్కడే కాదు. ట్రాంబోన్‌ని బీబాప్ వేగానికి తెచ్చిన జె.జె. జాన్సన్ 1952 నుంచి రెండేళ్లు స్పెర్రీ కంపెనీలో బ్లూప్రింట్లు తనిఖీ చేసే ఉద్యోగంలో ఉన్నాడు. మెల్బా లిస్టన్ ఏడేళ్ల వయసులో ట్రాంబోన్ పట్టింది. మగవాళ్ల బ్యాండ్లలో వాయించింది, వాళ్ల కోసం స్వరరచనలూ చేసింది. 1949లో బిల్లీ హాలిడేతో దక్షిణాది పర్యటన చేసి వచ్చాక, కొన్నేళ్లు గుమాస్తా పని చేసి బతికింది. ఆమె పెరిగిన లాస్ ఏంజెల్స్‌లో సంగీతకారుల యూనియనే రెండుగా ఉండేది: తెల్లవాళ్లకి 47, నల్లవాళ్లకి 767. అవి ఒక్కటయ్యింది 1953లో. ఫ్యాక్టరీ పేరుకి కట్టే ధరలో ఈ కోళ్లఫారం, ఈ గుమాస్తా కుర్చీ ఎక్కడున్నాయి?

బాగుచెయ్యొద్దని మేం అనడం లేదు. పలకని ట్రాంబోన్ ఇనప సామాను కిందే లెక్క. మెరుగు పెట్టేముందు ఆ నల్లబడ్డ చోటుని ఫోటో తియ్యాలి. అది ఏ ఇంటి నుంచి వచ్చింది, అక్కడ వాయించిందెవరు, వాళ్లకి పూట గడవడానికి ఏ పని చేశారు అని అమ్మినవాళ్లని అడగాలి. తెలిసినంత కాగితం మీద రాసి పెట్టెలో పెట్టాలి, సీరియల్ నంబరు పక్కనే.