ఏజెన్సీ కంచం, షుగర్ మాత్ర

భద్రాచలం 1860లో నిజాం చేతి నుంచి ఇంగ్లీషువారికి పోయింది. 1874లో గోదావరి జిల్లాలో, 1959లో ఖమ్మంలో, 2016లో భద్రాద్రి కొత్తగూడెంలో చేరింది. పటం మీద జిల్లా పేరు ఇన్నిసార్లు మారిన ఈ అడవి సరిహద్దులో అంతకంటే పెద్ద మార్పు కోయగూడేల కంచంలో వచ్చింది. ఇక్కడ షుగర్ జబ్బును మందులతో, తిండితో ఎలా అదుపు చేయాలన్న మాట ఆ కంచం దగ్గరే మొదలవ్వాలి.

పోడు చేలలో జొన్న, సామ, కొర్ర, కంది కలిసి పండేవి. జొన్న గటక, అంబలి రోజువారీ తిండి. వేసవిలో ఇప్పపువ్వు, తునికి పళ్లు, వానల్లో దుంపలు, వెదురు కొమ్ములు తోడయ్యేవి. ఆ కాలాన్ని స్వర్ణయుగమని నేను అనను. గింజలు అయిపోయిన నెలల్లో పాపికొండల కొండరెడ్లు మామిడి టెంకల పిండితో, జీలుగు చెట్టు పిండితో ప్రాణం నిలుపుకున్నారు.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద ఖమ్మం మైదానంలో వరి పరుచుకుంది. ఏజెన్సీలోకి సరుకులు గిరిజన సహకార సంస్థ డిపోల ద్వారా వచ్చేవి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకే బియ్యం ఇచ్చింది. ఆ బియ్యం ఎన్నో ఇళ్లలో ఆకలి నెలలను చెరిపేసింది. దాన్ని తప్పుపట్టే హక్కు మనకెవరికీ లేదు. అయితే పోడు తగ్గింది, గుట్టలెక్కి దిగే పని తగ్గింది, పూటపూటకీ పాలిష్ పట్టిన బియ్యమే కంచం నిండా చేరింది. పప్పు పలచన, కూర కొంచెం, పైన చక్కెర టీ. తవుడు పోయిన అన్నం తొందరగా అరిగి రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పెంచుతుంది.

మందుల చరిత్ర మరో దారిలో నడిచింది. చరక, సుశ్రుత సంహితలు మధుమేహాన్ని ఎప్పుడో గుర్తించాయి. 1921లో టొరంటోలో ఇన్సులిన్ దొరికింది. 1942లో ఫ్రాన్సులోని మాంపెలియేలో టైఫాయిడ్ రోగులకిచ్చిన సల్ఫా మందు చక్కెరను పడగొట్టడం చూసి మాత్రల దారి తెరుచుకుంది. 1957లో జాన్ స్టెర్న్ మెట్‌ఫార్మిన్ ప్రయోగ ఫలితాలు ప్రకటించాడు. కాలేయం అదనంగా చక్కెర వదలకుండా ఆపే ఈ చవకైన మాత్రే నేటికీ చాలామందికి మొదటి మందు. 1998లో బ్రిటన్‌లో ముగిసిన పెద్ద అధ్యయనం దాని మేలును ఖాయం చేసింది. ఇవన్నీ గూడెం దాకా రావడానికి మాత్రం, రాజశేఖరరెడ్డి హయాంలో 104 బండి నెలకోసారి ఊళ్లోకి వచ్చి బీపీ, షుగర్ మాత్రలు పంచే రోజులు రావాల్సి వచ్చింది.

ఇక్కడి శరీరాలకు పుస్తకంలోని షుగర్ రోగి బొమ్మ సరిపోదు. ఆ బొమ్మలో ఉండేది బొజ్జ ఉన్న పట్నవాసి. చిన్ననాటి నుంచి అరకొర తిండితో పెరిగిన బక్కమనిషికి వచ్చే షుగర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో ప్రత్యేక రకంగా గుర్తించి, 1999లో ఆధారాలు చాలవని జాబితా నుంచి తీసేసింది. 2025లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దాన్ని టైప్ 5 పేరుతో మళ్లీ గుర్తించింది. బక్కగా ఉన్న మనిషిని చూసి ఇది మామూలు టైప్ 2 అనుకుని మాత్ర రాసేయడం, లేదా షుగరే లేదనుకోవడం, రెండూ ప్రమాదమే.

రక్తంలో చక్కెర మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షను కూడా ఇక్కడ గుడ్డిగా నమ్మకూడదు. కోయల్లో సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉంది. ఆ జబ్బు ఉన్నవారి ఎర్రకణాలు త్వరగా నశిస్తాయి కాబట్టి అంకె తక్కువగా వస్తుంది. ఇనుము లోపంతో వచ్చే రక్తహీనతలో ఎక్కువగా వస్తుంది. వేలి రక్తంతో చేసే పరగడుపు, తిన్న తర్వాతి పరీక్షలు తోడుండాలి. 2023లో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది కదా, అందులో ఇచ్చే కార్డు చూసే చేయే షుగర్ చీటీ కూడా చూడాలి.

మాత్రలకూ ఈ నేల జీవితం తెలియాలి. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ మాత్రలు వేసుకుని తినకుండా తునికాకు కోతకు పోతే చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, కళ్లు తిరిగి పడిపోవచ్చు. పైన ఇప్పసారా తాగితే మరీ ప్రమాదం. పొడపత్రి, నేరేడు గింజల పొడి వాడుకునేవాళ్లు డాక్టరుకు చెప్పి వాడాలి. వాటిని నమ్మి మాత్ర మానేస్తే కళ్లు, మూత్రపిండాలు, కాళ్లు దెబ్బతింటాయి. తిమ్మిరెక్కిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. అడవిలో నడిచేవాడికి చెప్పు కూడా మందే.

ఇక తిండి. జొన్న తినమని సలహా ఇవ్వడం తేలిక. జొన్న ఎక్కడ దొరుకుతుందో చెప్పకుండా ఆ మాట అనడం అన్యాయం. జొన్న గటకైనా కొలతతోనే తినాలి, పక్కన పప్పు, ఆకుకూర, చేప ఉండాలి. భద్రాచలం ఆడవాళ్లు ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ పేరుతో చిరుధాన్యాల బిస్కెట్లు చేసి లండన్ దాకా పంపుతున్నారని 2025లో ప్రధాని రేడియోలో మెచ్చుకున్నారు. నాకూ గర్వమే. ఆ జొన్న వాళ్ల పొరుగు గూడేల పొయ్యి మీదికీ రావాలి. 2013 ఆహార భద్రతా చట్టంలో కిలో రూపాయికి ముతక ధాన్యం ఇవ్వాలని రాసే ఉంది. 2025 ఉగాది నుంచి తెలంగాణలో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అందులో రెండు కిలోలు జొన్నలు కోరుకునే అవకాశం ఏజెన్సీ రేషన్ కార్డులకు ఇస్తే, పోడు రైతుకు కొనేవాడూ దొరుకుతాడు.

దానితోపాటు ఇంకొకటి. భద్రాచలం దగ్గర గోదావరి 53 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 2022 జులైలో నీళ్లు 71 అడుగులు దాటాయి. దారులు మునిగిన వారాల్లో మాత్రలూ ఆగుతాయి. జూన్ ముగిసేలోగా రెండు నెలల మందు, ఇన్సులిన్ వాడేవారికి దాన్ని చల్లగా దాచుకునే ఏర్పాటు ముంపు గూడేల్లో ప్రతి షుగర్ రోగి ఇంటికీ చేరాలి.