రక్తపరీక్షలో సుబ్బారావుగారి జాడ

ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతముల పరీక్షశాలలలో నేడు రక్తమందు కొలుచు ఎంజైములలో క్రియాటిన్ కైనేజ్ ఒకటి. దీని చరిత్రలో మన భీమవరమునకు చోటున్నది. అక్కడ 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, హార్వర్డులో ఫిస్కేతో కలిసి, కండరముల శక్తినిల్వయైన ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో వెల్లడించిరి. (అదే ఏట ఇంగ్లండులో ఎగల్టన్ దంపతులును దాని జాడ పట్టిరి.) ఆ నిల్వనుండి కండరమునకు తక్షణశక్తి సమకూర్చునది ఈ ఎంజైమే, ఆ రసాయనిక చర్యను 1934లో లోమాన్ గుర్తించెను.

థైరాయిడ్ హార్మోను చాలనపుడు ఈ ఎంజైము కండరములనుండి రక్తములోనికి ఎక్కువగా చేరును, త్వరగా తొలగదు. ఒళ్ళునొప్పులు, నీరసము, వీటికితోడు పరీక్షలో పెద్ద అంకె! ఇది కండరవ్యాధియే అని భ్రమపడుట సులభము. కండరమునుండి ముక్క తీసి పరీక్షించుటకు ముందే థైరాయిడ్ పరీక్ష చేయించవలెను. హార్మోను లోపమే కారణమైనచో, థైరాక్సిను వాడిన కొన్ని వారములలో ఆ అంకె దిగివచ్చును.