అరుదైన పేరు, ఆడపిల్ల: తెలుగు నామకరణ చరిత్రలో ఒక పార్శ్వం

ఆడపిల్లకు ఎవరికీ లేని పేరు పెట్టాలన్న కోరిక నేటి తెలుగు కుటుంబాలలో దాదాపు సర్వసాధారణం. వ్యక్తిగత అభిరుచిగా కనిపించే ఈ కోరిక వెనుక ఒక పెద్ద సామాజిక పరిణామం ఉంది. ఒకప్పుడు గృహస్థుల ఇంటి ఆడపిల్లకు పదిమందికీ ఉన్న పేరే రక్షగా ఉండేది. కావ్యగంధం గల, అంతకుముందు వినని పేరు ఆ ఇళ్ళ గడపకు వెలుపల జీవించే స్త్రీకి గుర్తుగా ఉండేది. 20వ శతాబ్దంలో ఈ గీత చెరిగిపోయింది. అది ఎలా చెరిగింది, ఎవరి విషయంలో ఆలస్యంగా చెరిగింది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు.

ముందుగా శాస్త్రం సంగతి. స్త్రీ పేరు సులువుగా పలకదగినదై, కఠినం కానిదై, మంగళకరమై, దీర్ఘాచ్చుతో ముగియాలని మనుస్మృతి రెండవ అధ్యాయం విధిస్తుంది. బేసి సంఖ్యలో అక్షరాలుండి ఆకారాంతంగా ఉండాలని పారస్కర గృహ్యసూత్రం చెబుతుంది. ఇంతవరకు ఇది ఉచ్చారణకు సంబంధించిన నియమమే. మూడవ అధ్యాయంలో మనుస్మృతి మరొక మాట అంటుంది. నక్షత్రం, చెట్టు, నది, పర్వతం, పక్షి, పాము మొదలైన పేర్లున్న కన్యను, భయం గొలిపే పేరున్న కన్యను వివాహమాడరాదన్నది దాని విధి. అంటే పేరు వధువు యోగ్యతను నిర్ణయించే లక్షణాలలో ఒకటైంది. తెలుగువారు ఈ విధిని పాటించారా అంటే, పాటించలేదనే చెప్పాలి. రేవతి, రోహిణి, తులసి, గోదావరి, కృష్ణవేణి, సింహాచలం, చిలకమ్మ, నాగమ్మ వంటి పేర్లు ఈ నిషేధాల జాబితాను దాదాపు పూర్తిగా ఉల్లంఘిస్తున్నాయి. స్థలదేవత, కులదైవం, ఊరి నది ఇక్కడ స్మృతికంటె బలమైనవి. అయితే పేరు పెళ్ళికి అడ్డురాకూడదన్న ఆందోళన మాత్రం నిలిచింది. శాస్త్రవిధిని విడిచిపెట్టినవారు కూడా అందులోని భయాన్ని విడిచిపెట్టలేదు.

ఆ భయానికి సులభమైన విరుగుడు పునరావృత్తి. నాగార్జునకొండ శాసనాలలో మహాచైత్యానికి ముఖ్యదాతగా కనిపించే చాంతిసిరి ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుని సోదరి. ఆ రాజు కూతురి పేరు అడవి చాంతిసిరి. మేనత్త పేరే మేనకోడలిది, తేడా తెలియడానికి ముందొక మాట మాత్రం చేరింది. కాకతీయ గణపతిదేవుని కూతుళ్ళలో ఒకరు రుద్రమ, మరొకరు గణపాంబ. గణపాంబ పేరు తండ్రి పేరుకు ‘అంబ’ చేర్చగా వచ్చినది. రుద్రమ శాసనాలలో ‘రుద్రదేవ మహారాజు’ అన్న పురుషనామంతోనూ కనిపిస్తుంది. రాజకుటుంబంలో సైతం స్త్రీ పేరు వంశానికి చెందిన ఆస్తి. అది కొత్తగా పుట్టదు, ఒకరినుంచి మరొకరికి సంక్రమిస్తుంది.

సామాన్యుల ఇళ్ళలో ఈ సంక్రమణ నాయనమ్మ, అమ్మమ్మల నుంచి జరిగింది. మనుమరాలికి అత్తగారి పేరు పెట్టినప్పుడు కోడలికి ఒక చిక్కు వస్తుంది. అత్తగారి పేరుతో బిడ్డను కేకవేయడం, తిట్టడం మర్యాద కాదు. అందుచేత ఇంట్లో పిలుపుపేరు వేరుగా ఏర్పడింది. చిట్టి, పాప, బుల్లి, బుజ్జి ఇలా వచ్చినవే. ఈ పిలుపులే కాలక్రమంలో చిట్టెమ్మ, పాపాయమ్మ, బుల్లెమ్మ అనే పూర్తి పేర్లై కాగితాలకెక్కాయి. ఇంటి స్త్రీ తన నోటితో పెట్టిన పేర్లు వెదకదలచినవారు బారసాలనాడు పళ్ళెంలోని బియ్యంలో రాసిన పేర్లకన్నా వీటినే చూడాలి.

పునరావృత్తికి ఒక పెద్ద మినహాయింపు ఉంది. పుట్టిన బిడ్డలు వరుసగా పోతుంటే, తరువాత పుట్టిన బిడ్డను మృత్యువు కోరకుండా హీనమైన పేరు పెట్టేవారు. పెంటకుప్పమీద పడుకోబెట్టి పెంటమ్మ అన్నారు. ఎంగిలి విస్తళ్ళలో, అంటే పుల్లాకులలో దొర్లించి పుల్లమ్మ అన్నారు. ఉత్తరాంధ్రలో పొరుగువారికి తవుడుకు అమ్మి, తిరిగి కొని తవిటమ్మ అన్నారు. మగపిల్లలకు కూడా పెంటయ్య, పుల్లయ్య, తవిటయ్య అన్న పేర్లుండడం గమనార్హం. ఈ పేర్లలో కనిపించే హీనత్వం నిజానికి తల్లిదండ్రుల ప్రేమకు వేసిన మారువేషం. అందువల్ల వీటిని మహారాష్ట్రలోని ‘నకుశా’ వంటి పేర్లతో ఒకే గాటన కట్టరాదు. ‘అక్కరలేనిది’ అని అర్థమిచ్చే ఆ పేరు కొడుకు కోసం ఎదురుచూసిన ఇంట్లో పుట్టిన ఆడపిల్లకే పెడతారు. 2011లో సతారా జిల్లా యంత్రాంగం అలాంటి పేరున్న 200కు పైగా బాలికలకు బహిరంగ సభలో కొత్త పేర్లు పెట్టింది. పెంటమ్మ పేరులో మృత్యువును ఏమార్చే ఉపాయం ఉంది, నకుశాలో బిడ్డకే చెప్పిన తిరస్కారం ఉంది. బడిలో ఆ పేరు పలికినప్పుడు నవ్వే తోటిపిల్లలకు ఈ తేడా తెలియదు. దాని బరువు మోసేది ఆ బాలికే.

ఇక గడపకు వెలుపలి పేర్లు. గురజాడ ‘కన్యాశుల్కం’లో పేర్ల పంపకాన్ని గమనిస్తే ఆనాటి సమాజం స్పష్టంగా కనిపిస్తుంది. అగ్నిహోత్రావధానుల భార్య వెంకమ్మ, కూతుళ్ళు బుచ్చమ్మ, సుబ్బి. పూటకూళ్ళమ్మకు వృత్తే పేరు. నాటకంలో కావ్యభాషలోంచి వచ్చిన పేరు ఒక్క వేశ్యకే ఉంది: మధురవాణి. 17వ శతాబ్దంలో తంజావూరు రఘునాథనాయకుని ఆస్థానంలో సంస్కృత రామాయణం రచించిన కవయిత్రికి ఇదే పేరు బిరుదుగా ఉండేది. 18వ శతాబ్దంలో ‘రాధికాసాంత్వనము’ రచించిన ముద్దుపళని కూడా ఆ ఆస్థాన సంప్రదాయానికి చెందినదే. మరోవైపు, ఇంటి స్త్రీలుగా, భక్తులుగా పేరుపడిన కవయిత్రులు తిమ్మక్క, వెంగమాంబ. వీరి పేర్లు తిరుమల దైవం నుంచి వచ్చినవి, ఊరూరా వినబడేవి. ఆతుకూరి మొల్ల పేరు ఈ వాదానికి ఎదురునిలిచే ఉదాహరణగా కనిపించవచ్చు. కాని మొల్ల పెరటి పువ్వు పేరు, అచ్చతెలుగు మాట. గీత అందమైన పేరుకూ అందంకాని పేరుకూ మధ్య గీసినది కాదు. విద్య, సభ, రసికత సూచించే సంస్కృత నామానికీ దైవం, పెరడు, పూర్వికురాలు సూచించే నామానికీ మధ్య గీసినది.

బాలికలు బడికి వెళ్ళడంతో ఈ గీత చెరగడం మొదలైంది. విద్య ఇంటి ఆడపిల్లకూ గౌరవమైనప్పుడు విద్యను స్ఫురింపజేసే పేరు అపకీర్తి కాకుండాపోయింది. స్వాతంత్ర్యోద్యమం దీనికి మరొక దారి వేసింది. తెలంగాణ సాయుధపోరాట నాయకురాలు మల్లు స్వరాజ్యం 1931లో జన్మించారు. ఒక రాజకీయ లక్ష్యం ఆడపిల్ల పేరైంది. తెలుగు వ్యాకరణం కూడా ఇందుకు అనుకూలించింది. ఏకవచనంలో స్త్రీవాచకానికి క్రియ ‘వచ్చింది’ అనే వస్తుంది. కనకం, మాణిక్యం, సౌభాగ్యం వంటి అనుస్వారాంత నామాలు అప్పటికే ఆడవారి పేర్లుగా స్థిరపడి ఉన్నాయి. అందుచేత స్వరాజ్యం ఆ వరుసలో సులభంగా ఇమిడిపోయింది. ఇంకా విచిత్రం ఝాన్సీ. లక్ష్మీబాయి ఏలిన నగరం పేరు తెలుగునాట ఆడపిల్లల పేరైంది. వ్యక్తి పేరు లక్ష్మి ఎటూ ఇంటింటా ఉన్నదే కాబట్టి, వీరత్వం ఊరి పేరులో నిలిచింది కాబోలు.

మూడవ దారి సాహిత్యం. అడివి బాపిరాజు శాతవాహనుల కాలాన్ని చిత్రించిన నవల పేరు ‘హిమబిందు’. తరువాతి తరాలలో అది పరిచితమైన ఆడపిల్ల పేరు. చలం కూతురి పేరు సౌరీస్ ఏ తెలుగు నామవర్గంలోనూ ఇమడదు. సంప్రదాయాన్ని ధిక్కరించిన రచయిత ఇంట అది ఆశ్చర్యం కాదు. ఇదే కాలంలో నండూరి సుబ్బారావు ‘ఎంకి’కి తెలుగు కవిత్వంలో నాయిక స్థానం దక్కింది. పాటలను నెత్తిన పెట్టుకున్న చదువరులు తమ కూతుళ్ళకు మాత్రం ఎంకి అని పెట్టుకోవడం అరుదు. వెంకమ్మలోంచి మర్యాదను తీసివేస్తే మిగిలే రూపం అది.

ఆ చివరి ‘అమ్మ’ అసలు ప్రశ్న. అట్టడుగు కులాల స్త్రీలకు అరుదైన పేరుకన్నా ముందు పూర్తి పేరే దక్కలేదు. ఎల్లమ్మ దొర నోట ఎల్లి, పోచమ్మ పోచి, మల్లమ్మ మల్లి అయ్యేవారు. దేవత పేరు కూడా కులం తెలియగానే కురచబడింది. శూద్రుని పేరు హీనత్వాన్ని సూచించాలన్న స్మృతి విధి పేరు మార్చకుండానే పిలుపులో అమలైంది. పేరు చివర రెండక్షరాలు సంపాదించుకోవలసిన తరానికి, ఎవరికీ లేని పేరు వెదికే తీరిక లేదు. కనుక అరుదైన పేరు చరిత్రను మధ్యతరగతి అభిరుచి చరిత్రగా మాత్రమే రాస్తే సగం కథే అవుతుంది.

అరుదుతనం ప్రాంతాన్ని బట్టి కూడా మారుతుంది. జాన్‌పహాడ్ దర్గా ప్రభావమున్న నల్గొండ ప్రాంతంలో సైదమ్మ, విజయనగరం వైపు పైడమ్మ, అనకాపల్లి వైపు నూకాలమ్మ సర్వసాధారణం. జిల్లా దాటితే వింత.

నేటి అన్వేషణకు ప్రేరణలు వేరు. 27 నక్షత్రాలకు నాలుగేసి పాదాల చొప్పున ఏర్పడే 108 ఆద్యక్షరాల పద్ధతిలో హస్త మూడవ పాదానికి ‘ణ’ వస్తుంది. దానితో మొదలయ్యే తెలుగు మాట లేదు. ఇలాంటి ఇబ్బందులూ, ఇంగ్లీషు స్పెల్లింగులో సంఖ్యాబలమూ కలిసి నిఘంటువుకు అందని పేర్లను పుట్టిస్తున్నాయి. ‘సాన్వి’ అంటే లక్ష్మి అని ప్రచారం. అమరకోశం చెప్పే లక్ష్మీనామాలలో ఇందిర, కమల, రమ ఉన్నాయిగాని సాన్వి లేదు. అర్థం తరువాత అతికించినా పేరు నిలిచింది, పైగా ఒక్క తరంలోనే తరగతికి ఇద్దరు ముగ్గురు సాన్విలయ్యారు. ఇందులో విచారించవలసినదేమీ లేదు, స్వరాజ్యానికీ ఝాన్సీకీ జరిగిందీ ఇదే.

సంప్రదాయం బారసాలకు 11వ రోజునో 21వ రోజునో గడువుగా నిర్ణయించింది. జనన మరణాల నమోదు చట్టం, 1969లోని 14వ సెక్షన్ పేరు లేకుండానే జననాన్ని నమోదు చేసి, పేరును తరువాత చేర్చుకునే వీలు కల్పించింది. నియమాల ప్రకారం 12 నెలలలోపు రుసుము లేదు, ఆలస్య రుసుముతో 15 ఏళ్ళ వరకు గడువుంది. ఈలోగా ఆసుపత్రి కాగితాలలో బిడ్డ ‘బేబీ ఆఫ్’ అన్న మాట పక్కన తల్లి పేరుతోనే ఉంటుంది.