పిలక, క్రాపు, శిరోముండనము: కోనసీమ కేశసంస్కార చరిత్ర

రాజ్యములకు చరిత్ర కలదు. నదులకును కాలువలకును చరిత్ర కలదు. తలపై వెండ్రుకలకు చరిత్ర యేమున్నదని పాఠకులు నవ్వుదురేమో! కాని యొక ఊరిలో ఎవరు పిలక పెంచిరి, ఎవరు క్రాపు చేయించుకొనిరి, ఎవరి తలను బలవంతముగా గొరిగించిరి, ఎవరి తలను ముట్టుటకు నిరాకరించిరి అను సంగతులు విచారించినచో, ఆ యూరి సంఘచరిత్రలో సగము తెలిసినట్లే. ఒకప్పుడు అమలాపురము, రాజోలు, కొత్తపేట తాలూకాలుగా నుండిన కోనసీమ ఇందుకు మంచి నిదర్శనము.

పూర్వకాలమున పురుషునికి జుట్టనగా పిలకయే. ముందుభాగము గొరిగించుకొని, వెనుకనున్న జుట్టును ముడివేసికొనుట పెద్దమనిషి తనమునకు గుర్తు. స్త్రీలకు జడయు, కొప్పును, సిగయు వయస్సును సందర్భమును బట్టి ఏర్పడినవి. కొబ్బరితోటల సీమలో నూనెకు కొదువ లేదు. కుంకుడుకాయల రసముతో తలంటుకొని, సాంబ్రాణి పొగ పట్టి, మొగలిరేకులతో జడ వేసికొనుట పండుగనాటి సంబరము. విరబోసిన జుట్టు మాత్రము శోకమునకో, కోపమునకో, పూనకమునకో చిహ్నము; దానిని చూడగానే ద్రౌపది శపథము గుర్తుకు వచ్చెడిది. భార్య గర్భవతిగా నున్నపుడు భర్త క్షౌరము మానుటయు ఆచారమే. అనగా చిందరవందరగా నున్న జుట్టునకు సైతము ఆనాడు ఒక యర్థముండెను. తలను చూచినవారికి ఆ యింటి సంగతి తెలిసెడిది.

ఈ క్రమమును చేతులతో నిలిపినవారు క్షురకవృత్తివారు. నేడు వారిని నాయీ బ్రాహ్మణులని వ్యవహరించుచున్నారు. పొది చంకను బెట్టుకొని యింటింటికి వచ్చి, పెరటిలో చెట్టునీడను కూర్చుండి పనిచేసెడివారు. దానికి రొక్కము లేదు. నూర్పిళ్ళనాడు కళ్ళములో కొలిచి యిచ్చు మేర ధాన్యమే జీతము. ఆ కుటుంబములవారే పెండ్లిండ్లలో సన్నాయి యూదిరి, డోలు వాయించిరి. కొందరు నాటువైద్యము చేసిరి. వారి స్త్రీలలో మంత్రసానులై పురుళ్ళు పోసినవారు కలరు. శుభకార్యమునకు వారి సన్నాయి లేనిదే జరుగదు; ఐనను ప్రయాణమునకు బయలుదేరునపుడు వారు ఎదురగుట అపశకునమని ఆ యూరే పలికెను. తమ తలను నమ్మి యప్పగించినవారే, ఆ చేతిని చిన్నచూపు చూచిరి.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట డెల్టా కాలువలపై పడవలు సాగినవి, పంటలు పెరిగినవి, కలిగినవారి పిల్లలు ఇంగ్లీషు చదువునకై రాజమహేంద్రవరము పోసాగిరి. ఆ చదువుతో క్రాపు వచ్చెను. మాటయే ఇంగ్లీషు నుండి వచ్చినది. పిలక తీసివేసి, తలయంతట వెండ్రుకలు కత్తిరించుకొని, పాపిట తీసి దువ్వుకొని సెలవులకు వచ్చిన కుమారుని చూచి పెద్దలు కలవరపడిరి. శిఖలేనివాడు శ్రాద్ధకర్మకు తగునా యని వాదోపవాదములు జరిగినవి. నేటివారికి మర్యాదగా తోచు క్రాపు ఆనాడు అమర్యాదయే!

ఈ కలత కోనసీమకే కలిగినది కాదు. జపాను ప్రభుత్వము పురుషులు సిగముడి తీసివేసికొనుటకు 1871లో అనుమతించినది. చైనాలో మంచూ పాలకులు 1645లో ప్రాణభయము చూపి పురుషులందరిచేత ముందుతల గొరిగించి జడ పెంచించిరి. 1911 విప్లవము నాటికి ఆ జడ తాతలనాటి ఆచారమైపోయినందున, కత్తిరింపుడనగానే దుఃఖించినవారు అనేకులు. బలవంతముగా వచ్చినది సైతము కొన్ని తరములు గడచునప్పటికి పవిత్రమై కూర్చుండునని దీనివలన తెలియుచున్నది.

ఐతే పిలకయా, క్రాపా యని పురుషుడు తర్కించుకొనుచున్న దినములలోనే, తర్కించు అవకాశమే లేనివారు అదే యింటిలో నుండిరి. బ్రాహ్మణాది కొన్ని కులములలో భర్త మరణించిన స్త్రీకి శిరోముండనము చేయించెడివారు. అగ్రహారములు గల ఈ సీమకు ఆ దృశ్యము క్రొత్తది కాదు. బాల్యవివాహముల కాలమగుటచే, లోకము తెలియని ప్రాయముననే వైధవ్యము పొందినవారు కలరు. వారి యిష్టము నడిగినవారు లేరు. 1856 నాటి చట్టము వితంతువుల పునర్వివాహమునకు అంగీకరించినను ఆచారము అంగీకరింపలేదు.

గోదావరి కెగువనున్న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు (1848–1919) ఈ యాచారము నెదిరించెను. 1881 డిసెంబరు 11వ తేదీన గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మలకు ఆయన వివాహము జరిపించెను. తెలుగుదేశమున అది తొలి వితంతు వివాహము. కాకినాడ వర్తకుడైన పైడా రామకృష్ణయ్య ధనసహాయము చేసెను. ఆ పెండ్లికి తోడ్పడినవారిని ఛాందసులు వెలివేసిరి. దీనిని వివాహసంస్కరణమని చరిత్రకారులు వ్రాయుదురు. ఒక స్త్రీ తన తలను తాను దువ్వుకొని పూలు ముడుచుకొను హక్కుకూడ అందులో ఇమిడియున్నది.

మరియొక వైపున, క్షౌరము చేయుమని యడిగినను నిరాకరింపబడినవారుండిరి. ఊరికి వెలుపలి వాడలలోని దళితులకు ఊరి క్షురకుడు పనిచేయరాదని కట్టడి. చేసినచో తక్కినవారు అతనిని గడప త్రొక్కనీయరు; మేర పోవును. కావున అతడు తెగించలేకపోయెను. వాడలవారు తమలో తామే ఒకరికొకరు కత్తిరించుకొనిరి. వారి జుట్టు మాసియున్నదని నిందించినవారే, దానిని బాగుచేయు చేతిని వారికి అందకుండ చేసిరి! 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసినది. 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము, దుకాణమను మాటకు అర్థము చెప్పుచు, అందులో క్షౌరశాలను పేరుపెట్టి చేర్చినది. చట్టము వచ్చిన మరునాడే ఆ కుర్చీ అందరిదైనదనుట సత్యము కాదు. కాని అది తమదికూడనని నిలిచి యడుగుటకు ఒక ఆధారమేర్పడెను.

తరువాత ఊరూర సెలూనులు వెలసినవి. గోడకు అద్దము, త్రిప్పుడు కుర్చీ, బల్లపై దినపత్రిక! రొక్కమిచ్చిన వానికి వరుసక్రమమున పని. వృత్తివానికి కళ్ళమునొద్ద వేచియుండు అవస్థ తగ్గెను. గ్రంథాలయపు మెట్టెక్కనివారు సైతము అచ్చట పత్రిక చదివించుకొని వినిరి. 1970 దశకమున చెవులు కప్పు ‘హిప్పీ క్రాపు’ వచ్చినపుడు, తమ యౌవనమున క్రాపునకై తిట్లు తిన్న తాతలే మనుమలను గద్దించిరి. నేటి యువకులు ప్రక్కలు గొరిగించి, పైజుట్టు చెదరినట్లు కనబడుటకై అద్దము ముందు చాలసేపు శ్రమపడుచున్నారు. బడిలో దీనికై పిల్లలను శిక్షించుటయు కలదు. పరిశుభ్రత నేర్పుట గురువు ధర్మమే. పదుగురిలో తల కత్తిరించి అవమానించుట ధర్మము కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగమున శారీరక దండనమును, మానసిక వేధింపును నిషేధించినది.

తలకట్టు మారుచునే యుండును. ఒక తరమువారి చెదరిన జుట్టు మరియొక తరమువారికి సింగారము. కావున దానినిబట్టి గుణము నిర్ణయించుట తొందరపాటు. ఒకరి తలపై ఇంకొకరికి ఎంతవరకు అధికారమున్నదన్నదే యీ చరిత్రలో అసలు ప్రశ్న. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినను అందమే యని పెద్దల సామెత. ఆ జుట్టును ఉంచుకొను హక్కు ఒకనాడు కొందరు అమ్మలకు లేకపోయెనని సామెత చెప్పదు, చరిత్రయే చెప్పవలెను.