అంకెల మాఱుపేర్లు

కళ్లమున ధాన్యము కొలుచునపుడు మొదటి కుంచమును "ఒకటి" యనక "లాభము" అని పలుకుట మీరెల్లరు నెఱిగినదే. ఏడవ కుంచమునకు వచ్చునప్పటికి, ఆ మాట ఏడుపును దలపించునని "ఆరున్నొక్కటి" యని దాటించువారును గలరు. ఏడ్చు పిల్లవాడు ఆరున్నొక్క రాగము తీయుచున్నాడని మనమను పరిహాసము దీనికి జుట్టమే.

ఇవి శుభము గోరి పెట్టిన పేర్లు. జ్యోతిష్కులును శాసనకవులును వేఱొక యవసరమునకై అంకెలకు బేర్లు పెట్టిరి. వారి లెక్కలు శ్లోకములలో నుండెడివి. ఒక అంకెకు ఒకటే పేరున్న ఛందస్సున కొదుగదు. అందుచే సున్నకు ఆకాశము, ఒకటికి చంద్రుడు, రెంటికి కన్నులు, మూటికి అగ్నులు, నాల్గింటికి వేదములు, అయిదింటికి బాణములు, ఆఱింటికి ఋతువులు, ముప్పదిరెంటికి దంతములు. ఇట్లు లోకమున నెన్నేసి వస్తువులు ప్రసిద్ధములో అన్నింటికి వాని పేర్లే చెల్లినవి. దీనిని భూతసంఖ్య యందురు. ఇందు మఱియొక మేలు గలదు. లేఖకుడు అంకెలో నొక గీత తప్పినచో ఎవరికిని దెలియదు. పదము తప్పినచో బహుశః గణభంగమై పట్టుపడును.

చదువునపుడు ఒకట్ల స్థానము మొదలుకొని యెడమకు నడువవలెను. గోదావరీతీరమందలి కోరుమిల్లి తామ్రశాసనమున రాజరాజనరేంద్రుని పట్టాభిషేకవర్షము వేద, అంబురాశి, నిధి శబ్దములతో జెప్పబడినది. వేదములు నాలుగు, సముద్రములు నాలుగు, నిధులు తొమ్మిది. శకవర్షము 944, అనగా క్రీ.శ. 1022.

ఈ పద్ధతి సముద్రములను దాటినది. జావా ద్వీపమున మజపహిత్ రాజ్యము కూలిన వర్షమును అచటి సంప్రదాయము శక 1400 (క్రీ.శ. 1478) అని నాలుగు మాటలలో నిలిపినది. ఆ మాటలకు "లోకవైభవము నశించి మాయమైనది" యని యర్థము. నశించుట, మాయమగుట రెండు సున్నలు, వైభవము నాలుగు, భూమి ఒకటి. సంవత్సరమే కథ చెప్పుచున్నది! ఇంతటి చమత్కారము మన శాసనములలో నరుదు.

అయినను చిక్కు లేకపోలేదు. సముద్రములు నాలుగనియు ఏడనియు వాడుక గలదు. రసములు రుచులైన ఆఱు, కావ్యరసములైన తొమ్మిది. కోరుమిల్లి శాసనమున సముద్రమును ఏడుగా గొన్నచో 974 అగును. రాజు పట్టాభిషేకము ముప్పదియేండ్లు వెనుకకు జరుగును. శాసనకవి సింహమాసము, బహుళ విదియ, ఉత్తరాభాద్ర, గురువారము అనియు జెప్పినాడు గనుక బ్రతికితిమి. గణించి చూడగా 1022 ఆగస్టు 16 గురువారమే యగుచున్నది.

మీ గ్రామదేవాలయమున శిలాశాసన మున్నయెడల దానికి సున్నము పూయనీయకుడు. ప్రతి వ్రాసికొనువారు సంవత్సరపు మాటలతోడనే ఆగక, మాసము, తిథి, వారము, నక్షత్రము గూడ అక్షరము విడువక వ్రాసికొనవలెను. సముద్రములు నాలుగో యేడో తేల్చునవి అవియే.